పటం అంచున రాయదుర్గం

(రాయదుర్గంలో ఒక భూగోళ ఉపాధ్యాయుని స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



అనంతపురం జిల్లా పటంలో మన ప్రాంతం పడమటి అంచున కర్ణాటకలోకి పొడుచుకుపోయి కనిపిస్తుంది. పడమర మొలకాల్మూరు, ఉత్తరాన బళ్ళారి. జిల్లా కేంద్రం కంటే బళ్ళారే మనకు దగ్గర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. అప్పటినుంచి మనం అనంతపురం వాళ్ళం. అంతకు ముందు బళ్ళారి పటంలోనూ అంచే, ఇప్పుడు అనంతపురం పటంలోనూ అంచే.

అంచున ఉన్న ఊరికి లెక్కల్లో ఒక ప్రత్యేకమైన నష్టం జరుగుతుంది. కంప్యూటరులో పటాలు పెట్టి విశ్లేషించే మా శాస్త్రం దానికి పేరు కూడా పెట్టింది, అంచు ప్రభావం అని. పటం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ లెక్క తప్పడం మొదలవుతుంది. భౌగోళిక సమాచార వ్యవస్థ, అందరూ జీఐఎస్ అంటున్నది, ఎలా పనిచేస్తుందో ఈ సాయంత్రం చెప్పమన్నారు. చెబుతాను. అయితే ఈ అంచు మీద నిలబడే చెబుతాను, ఎందుకంటే ఆ శాస్త్రం బలమూ బలహీనతా ఇక్కడ కనిపించినంత స్పష్టంగా నడిబొడ్డున ఉన్న ఊళ్ళలో కనిపించవు.

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన ఇక్కడి హైస్కూల్లో భూగోళం చెప్పారు. పేరు కంటే పని ముఖ్యమని నమ్మిన మనిషి కనుక అచ్చులో కూడా మాస్టారు అనే అంటాను. ఆయన మమ్మల్ని దుర్గం కొండెక్కించేవారు. ఈ బండ మీద పడిన వాన ఏ వంకలోకి దిగుతుంది, ఆ వంక ఏ చెరువుకు పోతుంది, ఆ చెరువు అలుగు పారితే నీళ్ళు ఎక్కడికి చేరతాయి అని అడిగేవారు. చివరికి ఏ సముద్రంలో కలుస్తాయో అందరం చెప్పేవాళ్ళం. మధ్యలో చెరువు పేరు దగ్గర ఆగిపోయేవాళ్ళం. నేను ఇప్పుడు కంప్యూటరును అడుగుతున్న ప్రశ్నలు కూడా అవే.

ముందు ఒక చిన్న పరీక్ష. మండలాల పేర్లు, వాటి పక్కన కురిసిన వాన రాసిన పట్టిక ఒకటి ఉందనుకోండి. అంకెలు అలాగే ఉంచి పేర్లు తారుమారు చేయండి. జిల్లా సగటు మారదు. ఎక్కువ తక్కువల తేడా కూడా మారదు. కానీ వాన పడిన చోటు మారిపోయింది. చెరువులు నిండే చోట నిండవు, ఎండే చోట నిండుతాయి. స్థానం మారితే జవాబు మారే ప్రశ్నలన్నీ ప్రాదేశిక విశ్లేషణ కిందికి వస్తాయి. ఎంత కురిసింది అన్నది మామూలు గణాంకం. ఎక్కడెక్కడ కురిసింది, దాని పక్కన ఏముంది, ఆ రెండింటికీ సంబంధం ఏమిటి అన్నది ఈ శాస్త్రం.

దీనికి పుట్టుక కథగా అందరూ 1854 నాటి లండన్ కలరా చెబుతారు. సోహో పేటలో బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ చావులు గుమిగూడి ఉన్నాయని డాక్టర్ జాన్ స్నో కనిపెట్టి పంపు పిడి తీయించాడు, తరవాత పటం గీశాడు. కథ అక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చిన భాగం ఆ తరవాతిది. పంపుకు దగ్గరలోనే ఒక అనాథ వసతిగృహం ఉంది. అందులో అయిదు వందలకు పైగా మనుషులున్నా చావులు అయిదే. ఎందుకని వెళ్ళి అడిగితే వాళ్ళకు సొంత బావి ఉందని తేలింది. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ కలరాతో పోయింది. అడిగితే ఆ పంపు నీళ్ళంటే ఇష్టమని రోజూ సీసాలో తెప్పించుకునేదని తెలిసింది. దగ్గరుండీ బతికినవాళ్ళు, దూరాన ఉండీ పోయినవాళ్ళు కలిసి రుజువు పూర్తి చేశారు. చావులు గుమిగూడిన చోటు అనుమానం మాత్రమే పుట్టించింది. నడిచి వెళ్ళి అడిగితేనే అది నిజమని తేలింది.

మన సీమకు ఈ సంప్రదాయం కొత్త కాదు. 1800లో నిజాం నుంచి ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా 1807 దాకా కలెక్టరుగా ఉన్నాడు. చేను చేనూ గొలుసు వేసి కొలిపించి, రైతు పేరు, నేల రకం, శిస్తు రాయించాడు. అదే కాలంలో కాలిన్ మెకంజీ ఈ దత్త మండలాలను సర్వే చేయించాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరి చరిత్ర సేకరించారు. వాటినే మనం కైఫీయతులు అంటాం. ఒకవైపు కొలిచిన గీత, మరోవైపు ఆ గీత లోపలి కథ. సర్వే నంబరు ఒక ఆకారానికి, ఆ నంబరు ఎదుట అడంగల్లో ఉన్న వివరాలు ఆ ఆకారం గుణాలకు. జీఐఎస్‌లో గీతల పటం చేసేది సరిగ్గా ఇదే. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ ఈ రెండింటినీ కంప్యూటరులో కట్టి చూపించాడు. గీతలు కాకుండా నేలంతా సమానమైన గడులుగా కోసి ప్రతి గడిలో ఒక అంకె వేసేది రెండో పద్ధతి. ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుపల్లాల పటాలు ఈ గడుల పద్ధతిలో వస్తాయి.

విద్యార్థులకు ఇక్కడ ఒక సాంకేతిక హెచ్చరిక. గుండ్రటి భూమిని చదునుగా పరచడానికి ప్రపంచాన్ని 6 డిగ్రీల వెడల్పున పట్టీలుగా విభజించారు. 72 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా 43వ పట్టీ. 78 దాటితే 44. రాయదుర్గం 76.85 దగ్గర ఉంది కనుక 43లో పడుతుంది. కదిరి 78 దాటి ఉంది, 44లోకి పోతుంది. అంటే 2022కు ముందున్న ఉమ్మడి అనంతపురం జిల్లా మధ్యగా పట్టీ మారేది. ఈ సంగతి చూసుకోకుండా రెండు చోట్ల పటాలు కలిపితే అవి ఒకదాని పక్కన ఒకటి కూర్చోవు. పాత సర్వే పటాలకు వాడిన భూమి ఆకారం వేరు, ఇప్పటి జీపీఎస్ వాడేది వేరు. సరిచేయకుండా ఒకదాని మీద ఇంకొకటి వేస్తే బావి గట్టు దాటి పక్క చేలోకి జరిగిపోతుంది. భూతగాదాలున్న చోట ఇది చిన్న విషయం కాదు.

ఇక వానకు వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన సగటు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద బరువు దించుకుని ఖాళీగా మన మీదుగా పోతాయి. ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం నుంచి మనం చాలా దూరం. మధ్యలో పడేది చాలామటుకు పొద్దున ఎండ కాసి సాయంత్రం కమ్ముకునే ఉరుముల వాన. ఒక ఊరి చెరువు గట్టు దాకా కురిసి అవతల దుమ్ము లేపుతుంది. ఇలాంటి వానను కొలిచేందుకు అక్కడక్కడా వానమాపకాలు ఉంటాయి. మాపకం లేని చేనులో ఎంత పడిందో ఎలా చెప్పాలి?

1970లో వాల్డో టోబ్లర్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం చెప్పాడు. ప్రతిదానికీ ప్రతిదానితో సంబంధం ఉంటుంది, దగ్గరవాటి మధ్య అది ఎక్కువగా ఉంటుంది అని దాని సారం. దాన్ని లెక్కగా మార్చితే, దగ్గరి మాపకానికి ఎక్కువ విలువ, దూరపుదానికి తక్కువ విలువ ఇవ్వాలి. దూరం రెట్టింపైతే విలువ నాలుగో వంతుకు తగ్గేలా చేయడం ఎక్కువగా వాడే పద్ధతి.

పలక మీద వేసుకోదగిన లెక్క చేసి చూపిస్తాను. అంకెలు నేను ఊహించినవి. మన మండలం పడమటి పొలిమేరలో ఒక వేరుశనగ చేను ఉంది. దానికి 5 కిలోమీటర్ల దూరాన ఒక మాపకంలో 10 మిల్లీమీటర్లు పడింది. 10 కిలోమీటర్ల దూరాన ఇంకొకదానిలో 40. 20 కిలోమీటర్ల దూరాన మరొకదానిలో 60. దూరాల వర్గాలు 25, 100, 400. విలువలు తిరగేస్తే 16, 4, 1 నిష్పత్తిలో వస్తాయి. పదహారు పదులు 160, నాలుగు నలభైలు 160, ఒక అరవై. మొత్తం 380. దాన్ని 21తో భాగిస్తే సుమారు 18 మిల్లీమీటర్లు. ఆ రైతు విత్తనం వేయడానికి అది చాలని పదును.

ఇప్పుడు అదే లెక్కలో ఒక్క మార్పు. 5 కిలోమీటర్ల దూరాన ఉన్న మాపకం సరిహద్దు అవతల, కర్ణాటకలో ఉంది. మన రాష్ట్రపు పట్టికలో అది లేదు. మిగిలినవి రెండే. విలువలు 4, 1. నూట అరవైకి అరవై కలిపితే 220, అయిదుతో భాగిస్తే 44 మిల్లీమీటర్లు. చేను అదే, మబ్బు అదే, సూత్రం అదే. గీతకు అటువైపున్న ఒక్క కొలత తీసేసినందుకు 18 కాస్తా 44 అయింది. ఆ అంకె కంప్యూటరులోంచి దశాంశ స్థానాలతో సహా వస్తుంది, రంగులు వేసుకుని వస్తుంది. చూసిన అధికారికి అనుమానం రాదు. రైతుకు మాత్రం తన చేనులో అంత వాన ఎప్పుడు కురిసిందో అర్థం కాదు.

ఇది సూత్రం తప్పు కాదు. కొలతలు ఒకవైపే ఉన్నప్పుడు ఏ సూత్రమైనా ఇంతే. నడిబొడ్డున ఉన్న చేనుకు నాలుగు దిక్కుల నుంచి సాక్షులు దొరుకుతారు. అంచున ఉన్నదానికి ఒకటి రెండు దిక్కుల నుంచే.

ఈ లోటును దాచకుండా చూపించే పద్ధతి ఒకటుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రీగ 1951లో మొదలుపెట్టిన దారిని ఫ్రెంచి గణితజ్ఞుడు జార్జ్ మాథెరాన్ సిద్ధాంతంగా నిలబెట్టాడు. క్రీగింగ్ అంటారు. దీని గొప్పతనం ఒకటుంది. అంచనాతో పాటు ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఇది చెబుతుంది. రెండు పటాలు ఇస్తుంది. ఒకటి వాన పటం, రెండోది సందేహాల పటం. రెండోదానిలో మాపకాల మధ్య సందేహం తక్కువగా ఉండి అంచులకు పోయేకొద్దీ పెరుగుతుంది. నివేదికల్లో మొదటి పటం అచ్చేసి రెండోది వదిలేస్తుంటారు. వదలకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక ఊరికి సహాయం రాకపోవడానికి ఒక అంకె కారణమైతే, ఆ అంకె మీద మీకెంత నమ్మకముందని అడిగే హక్కు ఆ ఊరికి ఉంది.

వాన తరవాత నీరు. కార్టోశాట్-1 అనే మన ఉపగ్రహం 2005 మే 5న ఎగిరింది. ముందుకొకటి వెనక్కొకటి వంగిన రెండు కెమెరాలతో ఒకే నేలను రెండు కోణాల నుంచి తీసింది. అందులోంచి దేశమంతటికీ 30 మీటర్ల గడులతో ఎత్తుల పటం తయారుచేసి హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారు భువన్ అనే వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. ప్రతి గడి చుట్టూ ఎనిమిది గడులుంటాయి. నీరు వాటిలో అన్నిటికన్నా ఏటవాలుగా దిగే గడిలోకి పోతుందని అనుకుంటాం. అలా గడిగడికీ దారి గీస్తే, ఏ గడిలోకి ఎన్ని గడుల నీళ్ళు చేరతాయో లెక్కిస్తే వాగులూ వంకలూ వాటంతట అవే పటం మీద తేలతాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. ఎవరూ గీయని ఏరు కేవలం అంకెల్లోంచి బయటికొస్తుంది.

దీన్ని వేదావతి మీద ప్రయోగించండి. మనం హగరి అనే ఈ ఏరు చిక్కమగళూరు జిల్లా బాబా బుడన్‌గిరి కొండల్లో పుట్టి, హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం దాటి, చిత్రదుర్గ జిల్లా మీదుగా మన భైరవానితిప్ప ప్రాజెక్టుకు చేరుతుంది. తరవాత కణేకల్లు, బొమ్మనహాళ్ పక్కల నుంచి మళ్ళీ బళ్ళారి జిల్లాలోకి పోయి తుంగభద్రలో కలుస్తుంది. ఎవరో ఒక కుర్రవాడు ఆంధ్రప్రదేశ్ పటం తీసుకుని, రాష్ట్ర సరిహద్దు దగ్గర ఎత్తుల పటం కత్తిరించి, తరవాత ఈ లెక్క వేశాడనుకోండి. కంప్యూటరుకు పైనున్న కొండలు కనపడవు. వేదావతి సరిహద్దు గీత దగ్గరే పుట్టినట్టు, వట్టి వంక అయినట్టు చూపిస్తుంది. భైరవానితిప్పకు నీళ్ళెందుకు రావడం లేదన్న ప్రశ్నకు ఆ పటంలో జవాబు లేదు. జవాబు ఎగువన ఉంది, 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరంలో, దాని కింద చిత్రదుర్గ చెరువుల్లో, బోర్లలో ఉంది. ఆ జలాశయం 1933లో నిండి, మళ్ళీ అంచులదాకా నిండడానికి 2022 దాకా పట్టింది. ఎగువ ఆనకట్ట దాదాపు తొంభై ఏళ్ళు నిండకుండా ఉండిపోయిన ఏటికి దిగువన మనం ఉన్నామన్న నిజం ఏ జిల్లా పటమూ చెప్పదు.

ఇంకో సంగతి. మన జిల్లాలో ఎక్కువ భాగం పెన్న పరీవాహకం. హగరి మాత్రం తుంగభద్ర ద్వారా కృష్ణకు పోతుంది. రెండు వేర్వేరు నదుల నేలలను కలిపి జిల్లా సగటు నీటిమట్టం అని ఒక అంకె ఇస్తే అది ఏ నదికీ చెందని అంకె అవుతుంది. పరిపాలనకు జిల్లా కావాలి, కాదనను. నీటి లెక్కకు వాలు కావాలి.

ఎనిమిది దిక్కుల లెక్క వేసే ముందు సాఫ్ట్‌వేర్ ఇంకొక పని చేస్తుంది. ఇది విన్నాక చెరువుల సీమలో ఎవరూ ఊరుకోలేరు. ఎత్తుల పటంలో చుట్టూ ఎత్తుండి మధ్యలో గుంటగా ఉన్న చోట్లలో నీరు ఆగిపోతుంది, దారి తెగిపోతుంది. కనుక ముందు ఆ గుంటలన్నిటినీ పూడ్చేయమని పాఠ్యపుస్తకం చెబుతుంది. వాటిని కొలతలో వచ్చిన లోపాలుగా చూస్తుంది. చాలా దేశాల్లో చాలావరకు అది నిజమే. కానీ ఇక్కడ ఆ గుంటలు కుంటలు, చెరువులు. తరతరాలుగా మట్టి మోసి గట్టు వేసి కట్టుకున్నవి. ఒక్క మీట నొక్కితే వాటిని లోపాలని పూడ్చేసి, నీరు నేరుగా ఏటికి పోతుందని కంప్యూటరు అనుకుంటుంది. అందుకే ఈ ప్రాంతంలో పనిచేసే విద్యార్థులకు నేను చెప్పే మొదటి మాట, చెరువులను ఒక పొరగా, అంటే విడి పటంగా, ముందు చేతితో గీయండి, తరవాత పూడ్చండి, వీటిని మినహాయించి పూడ్చండి. ఏ చెరువు అలుగు ఏ చెరువుకు పోతుందో గొలుసుకట్టు రాసుకోండి. అది ఉపగ్రహంలో దొరకదు. చెరువు నీళ్ళు పొలాలకు వదిలే నీరుగట్టిగా పనిచేసిన ముసలాయన నోట దొరుకుతుంది.

నేల కింది నీటి విషయానికొస్తే టోబ్లర్ సూత్రమే తలవంచుతుంది. మనది గ్రానైటు, నైసు రాతి నేల. రాతిలో నీరు ఉండేది పగుళ్ళలో. ఒక బోరులో రెండంగుళాల నీళ్ళు పడతాయి, యాభై అడుగుల అవతల వేసినదానిలో దుమ్ము లేస్తుంది. దగ్గరగా ఉన్నవి ఒకేలా ఉండాలన్న నియమం ఇక్కడ చెల్లదు. పగులు పోయే దిక్కున దూరం దగ్గరవుతుంది, అడ్డంగా దగ్గర కూడా దూరమవుతుంది. ఉపగ్రహ చిత్రంలో పొడుగ్గా కనిపించే పగుళ్ళ గీతలు గుర్తించి, వాటి వెంట మాత్రమే అంచనా పొడిగిస్తే కొంత మేలు. ఫ్లోరైడుకూ ఇదే వర్తిస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక బోరు దాటుతుంది, పక్కది దాటదు. ఇలాంటి చోట రెండు బోర్ల మధ్య అందంగా రంగులు నింపి ఊరంతా భద్రం అని చెప్పే పటం ప్రమాదకరం. ప్రతి బోరునూ విడిగా పరీక్షించి విడి చుక్కగానే చూపాలి.

ఈ సందర్భంలో గుర్తుచేసుకోవలసిన పని ఒకటి జరిగింది. 2003 నుంచి కొన్నేళ్ళపాటు రైతులే భూగర్భ జలాలను కొలిచి నిర్వహించుకునే పథకం ఒకటి అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేసింది. రైతులు, అందులో ఆడవాళ్ళు కూడా, బోరులో నీటిమట్టం కొలిచారు, వానమాపకం చదివారు, ఎంత నీరుందో లెక్కేసుకుని రబీలో ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. కొలిచినవాడే నిర్ణయించేవాడైతే లెక్క ఎలా మారుతుందో ఆ పథకం చూపింది.

పంట పచ్చదనం ఇప్పుడు ఆకాశం నుంచే చూస్తున్నారు. ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే పచ్చదనం సూచిక వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన కరువు మార్గదర్శకాల్లో వానతో పాటు ఈ సూచికలకూ స్థానం ఇచ్చారు. మంచి నిర్ణయం. అయితే గడి ఎంత పెద్దదో అడగాలి. 250 మీటర్ల గడి అంటే పదిహేను ఎకరాలు. అందులో బోరు కింద చీనీ తోట నాలుగెకరాలుంటే దాని పచ్చదనం, మిగతా పదకొండెకరాల్లో ఎండిన వేరుశనగను కప్పేస్తుంది. 2015, 2017లో ఐరోపా పంపిన రెండు సెంటినెల్ ఉపగ్రహాలు 10 మీటర్ల గడులతో, అయిదు రోజులకొకసారి ఇదే నేలను చూశాయి. ఎకరానికి నలభై గడులు. ఆ చిత్రాలు ఉచితం. పాత పెద్ద గడులతోనే నిర్ణయాలు చేయడానికి ఇక కారణం లేదు.

చిన్న గడి ఉన్నా మోసపోయే చోటు ఒకటుంది. ఎండిన చెరువు నిండా సర్కారు తుమ్మ కంప పెరుగుతుంది. దాని వేరు లోతు, కరువులోనూ పచ్చగానే ఉంటుంది. పైనుంచి చూసిన ఉపగ్రహానికి నీళ్ళు లేని చెరువు పంట చేనులా కనిపిస్తుంది. విరుగుడు కష్టం కాదు. ఏప్రిల్ చిత్రాన్ని, సెప్టెంబరు చిత్రాన్ని పక్కపక్కన పెట్టాలి. వేరుశనగ ఏప్రిల్లో ఉండదు. రెండింటిలోనూ పచ్చగా ఉన్నది కంప గానీ తోట గానీ. వాటిని తీసేశాక మిగిలిన పచ్చదనమే వానాకాలపు పంట. ఈ మాత్రం చేయడానికి ఈ నేల ఏ నెలలో ఎలా ఉంటుందో తెలిసినవాడు కావాలి, అంతే.

ఇసుక గురించి కూడా చెప్పి తీరాలి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి వెంట, దర్గా హొన్నూరు వైపు ఇసుక దిబ్బలు పొలాల మీదికి వస్తున్నాయి. ఏరు ఎండితే ఇసుక తేలుతుంది. నైరుతి గాలి దాన్ని ఎత్తుకొచ్చి చేలలో పోస్తుంది. దీన్ని ఎడారి అని పత్రికలు రాస్తాయి. విశ్లేషణకు అది చాలదు. ఏటి నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఎన్ని ఎకరాలున్నాయని అడిగితే కంప్యూటరు ఏటికి రెండు వైపులా సమానంగా పట్టీ గీస్తుంది. ప్రమాదం రెండు వైపులా సమానం కాదు. గాలి పోయే వైపు పట్టీ వెడల్పుగా, గాలి వచ్చే వైపు సన్నగా ఉండాలి. 1972 నుంచి లాండ్‌శాట్ చిత్రాలున్నాయి, 1988 మార్చి నుంచి మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాల చిత్రాలున్నాయి. అయిదు దశాబ్దాలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఏ దిబ్బ కదులుతోంది, ఏది గడ్డి పట్టి నిలిచిపోయింది, ఏటిలో ఇసుక ఎక్కడ తవ్వితే ఎక్కడ గాలికి దారి దొరికింది తెలుస్తుంది. చెట్ల వరస ఎక్కడ వేయాలో ఆ పటం చూసి నిర్ణయించాలి. రోడ్డు పక్కన ట్రాక్టరు పోగల చోటు చూసి కాదు.

చివరిగా, గీతల గురించి. అవే లెక్కలకు సరిహద్దులు మార్చితే జవాబు మారుతుందని గణాంకవేత్తలు 1930లలోనే గమనించారు. పది ఊళ్ళ మండలంలో అయిదు ఊళ్ళకు మామూలులో 90 శాతం, అయిదింటికి 30 శాతం వాన పడితే మండల సగటు 60 శాతం. ఆ అరవై పది ఊళ్ళలో ఏ ఒక్కదానిదీ కాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో 63 మండలాల జిల్లా 31గా, 32గా చీలింది. గీత మారినప్పుడల్లా కరువు కొంత మాయమై కొంత కొత్తగా పుట్టింది, నేల మీద మాత్రం ఏమీ మారలేదు. పంటల బీమాలో ముఖ్య పంటలకు ఊరిని లేదా పంచాయతీని ప్రమాణంగా తీసుకోవడం అందుకే సరైన దిశ. ఎంత చిన్న ప్రమాణమైతే అంత ఎక్కువ కొలతలు కావాలి, అంత ఎక్కువ ఖర్చు. ఆ ఖర్చు పెట్టాల్సిందే అంటాను.

ఇక ఈ ఊరి విద్యార్థులు చేయగలిగిన పని చెప్పి ముగిస్తాను. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద ఉన్న అనుమతుల భారం చాలావరకు ఎత్తేసింది. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. జిల్లా పటం తీసుకోకండి. రాయదుర్గం మధ్యలో పెట్టి 60 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అందులో బళ్ళారి వస్తుంది, మొలకాల్మూరు, చళ్ళకెరె వస్తాయి, కళ్యాణదుర్గం, ఉరవకొండ వస్తాయి. అనంతపురం రాదు. ఆ వృత్తంలో రాష్ట్ర సరిహద్దును ఒక సన్నని గీతగా మాత్రమే ఉంచండి, ఏ పొరనూ దాని దగ్గర కత్తిరించకండి. పడమటి పొలిమేర చేనుకు ఆ పటంలో నాలుగు దిక్కులా సాక్షులుంటారు.

కొలతలు లేక ఆగే పరిస్థితి లేదు. కర్ణాటక ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం పంచాయతీ స్థాయి దాకా తనంతట తానే సమాచారం పంపే వానమాపకాలు పెట్టింది. మన రాష్ట్రానికీ స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. రెండు పట్టికలూ ఒకచోట చేరితే చాలు. అడిగి తీసుకోవాలి. వచ్చే మృగశిర కార్తె లోపల రెండు రాష్ట్రాల కార్యాలయాలకూ ఉత్తరాలు పోవాలి, ఒకటి తెలుగులో, ఒకటి కన్నడంలో. తెలుగు ముసాయిదా నేను తెచ్చాను. కన్నడం రాయగలవాళ్ళు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. సభ కాగానే ఉపాధ్యాయులు ముందుకు రండి, కూర్చుని దిద్దుదాం.